నాలుగో ప్రశ్నకి సున్నా

జూన్ పదిహేడు, మంగళవారం ఉదయం తొమ్మిదింబావుకి యెసేనియా బరేరా ఫోన్ చేసినప్పుడు అవతలి మనిషి ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఒక రెండంతస్తుల ఇంటి కప్పు మీద ఉన్నాడు. పెంకులు ఊడదీసి, వాటి కింద ఎండకి పెళుసెక్కిన తారు పొరని చింపేసి, కొత్తది పరిచి, మళ్లీ అవే పెంకులు పేర్చే పని. కింద ఇంట్లో చిప్‌ల కంపెనీలో పనిచేసే తెలుగు ఇంజనీర్ ఒకాయన పొద్దుటి నుంచి మీటింగుల్లో ఉన్నాడు. పైన సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా మ్యూట్ నొక్కుతున్నాడు. వేసవిలో పెంకుల పనివాళ్లు తెల్లవారకముందే నాలుగున్నరకి కప్పెక్కుతారు. తొమ్మిదింబావు వాళ్లు టిఫిన్ తినే వేళ.

"దోన్ ఎఫ్రేన్, నేను యెసేనియాని, క్లినిక్ నుంచి. పది నిమిషాలు తీరికుందా?"

"ఉంది సెన్యో. అడగండి."

దోన్ అంటే మన 'గారు' లాంటిది. యెసేనియా తన రోగుల్లో ఎవరినీ ఆ మాట లేకుండా పిలవదు. సెన్యో అంటే మేడమ్. స్పానిష్‌లో సాగే ఈ సంభాషణ రెండు వారాలకోసారి జరుగుతుంది, ఎప్పుడూ అవే తొమ్మిది ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఎన్ని రోజులు? దిగులుగా ఉండటం? నిద్ర పట్టకపోవడం? అలసట? ఆకలి లేకపోవడం? ఎందుకూ పనికిరానివాణ్నని అనిపించడం? మనసు నిలవకపోవడం? కదలడంలో, మాట్లాడటంలో మందకొడితనం? చివరిది, చచ్చిపోతే బాగుండునని అనిపించడం. ఒక్కోదానికి నాలుగు జవాబులు. ఎప్పుడూ లేదంటే సున్నా, కొన్ని రోజులంటే ఒకటి, సగం రోజుల కంటే ఎక్కువంటే రెండు, దాదాపు రోజూ అంటే మూడు. అన్నీ కలిపితే గరిష్ఠం ఇరవై ఏడు.

ఎఫ్రేన్ తొమ్మిదింటికీ ఒకే జవాబు చెప్పాడు. "ఎప్పుడూ లేదు, సెన్యో."

యెసేనియా తన తెర మీది గడిలో సున్నా వేసింది. చాలా బాగుందని చెప్పింది, ఆయన థాంక్స్ చెప్పాడు. ఫోన్ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆ రోజు ఆమెకి ఇంకా ఇరవై ఒక్క ఫోన్లు ఉన్నాయి.

యెసేనియాకి నలభై ఆరేళ్లు. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చాండ్లర్ పాత ఊరి వైపు, బీద రోగులు ఎక్కువగా వచ్చే ఒక చిన్న క్లినిక్‌లో పదకొండేళ్లుగా కేర్ మేనేజర్. డాక్టర్ కాదు, నర్సు కూడా కాదు. అంతకుముందు స్కూల్ క్యాంటీన్‌లో వడ్డించింది, తర్వాత ఇదే క్లినిక్‌లో బీపీ చూసే పనిలో చేరింది. క్లినిక్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో నుంచీ, గ్వాటెమాలా నుంచీ వచ్చినవాళ్లు. ఇన్సూరెన్స్ చాలామందికి లేదు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమంటే వెళ్లరు, వెళ్లాలనుకున్నా అపాయింట్‌మెంట్ దొరకదు. అందుకని అక్కడ వైద్యం ఇలా నడుస్తుంది. భుజం నొప్పికో షుగర్‌కో వచ్చిన మనిషికి డిప్రెషన్ ఉందని మామూలు డాక్టరే కనిపెట్టి మాత్ర రాస్తుంది. ఆ తర్వాత ఆ మనిషిని వదలకుండా పట్టుకునేది యెసేనియా. వారానికోసారి ఒక సైకియాట్రిస్ట్ వీడియోలో జాబితా అంతా చూసి, ఎవరికి మందు పెంచాలో, ఎవరికి మార్చాలో చెబుతాడు.

జాబితాలో ఎనభై ఏడు పేర్లున్నాయి. యెసేనియా దాన్ని చూడకుండా చెప్పగలదు. హోటల్లో దుప్పట్లు మార్చే ఒకావిడ పదకొండూ నలభైకి మూడో అంతస్తులో బట్టల గదిలో ఉంటుంది, అప్పుడే ఫోన్ ఎత్తుతుంది. ఒక వంటమనిషి రెండున్నరకి వెనక తలుపు దగ్గర సిగరెట్ తాగుతాడు, సిగరెట్ అయిపోతే ఫోన్ కూడా అయిపోతుంది. కాబట్టి అతన్ని కష్టమైన ప్రశ్నలే ముందు అడగాలి. పిల్లల్ని చూసుకునే ఒకావిడకి పాప నిద్రపోయిన ఇరవై నిమిషాలే దొరుకుతాయి. ఆ పాప నిద్ర వేళ మారితే యెసేనియా తన భోజనం వేళ మార్చుకుంటుంది. ఫోన్ నంబర్లు నెలనెలా మారతాయి. కొత్త నంబరు పట్టుకోవడానికి ఆమె ఒక బేకరీకీ, రెండు చర్చిలకీ, ఒక టైర్ల షాపుకీ ఫోన్ చేస్తుంది. ఎందుకోసమో చెప్పదు. యెసేనియా ఫోన్ చేసిందని చెబితే చాలు, వాళ్లు కబురందిస్తారు. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు. ఆమె రెండు వారాలు సెలవు పెట్టినప్పుడు ఆమె స్థానంలో పనిచేసిన అమ్మాయి ఎనభై ఏడు మందిలో తొమ్మిది మందినే పట్టుకోగలిగింది.

ఈ పని ఎందుకు ఎంచుకున్నావని అడిగితే యెసేనియా వాళ్లమ్మ సంగతి చెబుతుంది. ఒకేసారి చెబుతుంది, రెండోసారి అడిగితే చెప్పదు. వాళ్లమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేసేది. తలనొప్పి అని డాక్టర్ దగ్గరికి వెళితే, ఇంగ్లిష్ రాదు కాబట్టి పదేళ్ల యెసేనియా పక్కన నిలబడి అటూ ఇటూ చెప్పేది. ఒకరోజు వాళ్లమ్మ డాక్టర్‌తో, "పొద్దున్నే కళ్లు తెరవాలనిపించడం లేదు, తెరవకపోయినా బాగుండుననిపిస్తుంది" అంది. యెసేనియాకి ఆ మాట బయటికి చెప్పడానికి సిగ్గేసింది. "అమ్మ అలసిపోయింది" అని చెప్పింది. డాక్టర్ విటమిన్లు రాశాడు. వాళ్లమ్మ ఇంకో పదకొండేళ్లు ఆ తలనొప్పితోనే బతికింది.

ఎఫ్రేన్ కూడా నొప్పితోనే వచ్చాడు. ఈ ఏడాది జనవరిలో, కుడి భుజం, కడుపులో మంట. వయసు ముప్పై ఎనిమిది, సొంతూరు మెక్సికోలో సకతేకాస్ దగ్గర. డాక్టర్ శ్రీవిద్య భుజం తిప్పి చూసింది, కడుపు నొక్కి చూసింది, తర్వాత అందరినీ అడిగినట్టే దిగులు గురించి రెండు ప్రశ్నలు అడిగింది. శ్రీవిద్య న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో పుట్టి పెరిగిన అమ్మాయి. కాలేజీలో నేర్చుకున్న స్పానిష్, ఇంట్లో నేర్చుకున్న తెలుగు, రెండూ అమెరికన్ యాసతోనే మాట్లాడుతుంది. ఎఫ్రేన్ చాలాసేపు టోపీ తిప్పుతూ కూర్చుని, "నరాలు, డాక్టర్" అన్నాడు. ఆ మనుషుల్లో డిప్రెషన్ అనే మాట ఎవరూ వాడరు. నరాలు అంటారు.

"ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు. అదే కదా సిగ్గు. పనుంది. భార్య మంచిది. పిల్లలిద్దరూ బాగా చదువుతారు. తాగను. ఏదైనా జరిగి ఉంటే ఇందువల్ల అని చెప్పుకోడానికి ఉండేది."

ఆ రోజు ఆయన స్కోర్ పందొమ్మిది. మాత్ర మొదలుపెట్టారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పని తక్కువగా ఉండి క్లినిక్‌కే వచ్చేవాడు. స్కోర్ పద్దెనిమిది, పదిహేడు. కదలడం లేదు, మోతాదు పెంచుదామని అనుకుంటుండగా ఏప్రిల్‌లో పనులు ఊపందుకున్నాయి. ఎఫ్రేన్ రాలేనన్నాడు, యెసేనియా ఫోన్‌లో పలకరించడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి స్కోర్ దిగడం మొదలైంది. పదకొండు, ఎనిమిది, ఏడు, ఐదు, రెండు, సున్నా.

క్లినిక్ నియమం ప్రకారం వరసగా రెండుసార్లు ఐదుకి తక్కువ వస్తే ఆ మనిషి కోలుకున్నట్టే. పేరు జాబితాలోంచి తీసేస్తారు. అభినందిస్తూ ఒక ఉత్తరం వెళుతుంది. ఫోన్లు ఆగిపోతాయి, మాత్రలు ఇంకో నెలకి రాసిస్తారు, ఆ తర్వాత కావాలంటే ఆయనే అపాయింట్‌మెంట్ తీసుకుని రావాలి. అలా తిరిగి వచ్చేవాళ్లు దాదాపు లేరు. నియమం నిర్దయగా పెట్టింది కాదు. బయట నలభై ఒక్క మంది వెయిటింగ్‌లో ఉన్నారు. ఒకరు దిగితేనే ఇంకొకరు ఎక్కాలి.

బుధవారం మధ్యాహ్నం మీటింగ్. డెబ్బై ఒక్కేళ్ల సైకియాట్రిస్ట్ రాజారావు ఫ్రీమాంట్‌లో తన ఇంట్లో కూర్చుని వీడియోలోకి వచ్చాడు. ఎఫ్రేన్ పేరు దగ్గర స్కోర్ల గ్రాఫ్ చూసి ఆగి, తెలుగులోకి మారాడు.

"శ్రీవిద్యా, ఈ గీత చూశావామ్మా? చిన్నపిల్లల జారుడుబండ కూడా ఇంత నున్నగా ఉండదు."

"క్రెడిట్ మీకు కాదు సర్. యెసేనియాకి."

"నాకేం వద్దులే తల్లీ. ఈ క్లినిక్‌లో నా పేరు ఎవరైనా తలుచుకుంటే అది వీడియో కట్ అయినప్పుడే."

యెసేనియా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏంటా నవ్వులు? ఇంగ్లిష్‌లో చెప్పండి" అంది.

"నిన్ను పొగుడుతున్నాం," అంది శ్రీవిద్య.

"అయితే ఆ భాషలోనే కానివ్వండి. అర్థమైతే జీతం పెంచమంటాను."

ముగ్గురూ నవ్వారు. పేరు తీసేయడానికి ముగ్గురూ ఒప్పుకున్నారు. ఉత్తరాలు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వెళతాయి.

గురువారం ఎండ నూట పన్నెండు ఫారెన్‌హీట్ డిగ్రీలు. అయిదుంబావుకి యెసేనియా కారెక్కి సీటు బెల్టు పట్టుకుంటే అరచెయ్యి చురుక్కుమంది. ఇంటికి వెళ్లేసరికి ఆమె భర్త హాల్లో కుర్చీలోనే నిద్రపోయి ఉన్నాడు. ఆయనది కప్పుల మీద ఏసీ యంత్రాలు బాగుచేసే పని. వేసవిలో ఆయన ఇంటికొచ్చాక బూట్లు విప్పుకునే ఓపిక కూడా ఉండదు. పదిహేనేళ్లుగా మే నుంచి సెప్టెంబరు దాకా ఆయన బూట్ల తాళ్లు విప్పేది ఆమే. ఒక బూటు విప్పింది. రెండోదాని తాడు చేతిలో ఉండగా ఆగిపోయింది.

నాలుగో ప్రశ్న అలసట గురించి. మంగళవారం ఎఫ్రేన్ దానికి "ఎప్పుడూ లేదు" అన్నాడు.

జూన్ నెలలో, ఫీనిక్స్ చుట్టుపక్కల, కప్పు మీద పనిచేసే మనిషి రెండు వారాల్లో ఒక్క రోజు కూడా అలసిపోలేదన్నాడు. పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా ఆ ప్రశ్నకి సున్నా చెప్పలేడు. తన భర్తకి ఏ దిగులూ లేదు, ఆయన్ని అడిగినా మూడు అనేవాడు, అదీ మెలకువగా ఉంటే. ఎఫ్రేన్ జవాబు ఆరోగ్యవంతుడి జవాబు కాదు. అది ప్రశ్న వినకుండా చెప్పిన జవాబు. మిగిలిన ఎనిమిది కూడా అలాగే చెప్పి ఉంటాడు.

ఎందుకు చెప్పాడో ఆలోచించడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టలేదు. ఏప్రిల్ నుంచి చేసిన ప్రతి ఫోన్‌లోనూ వెనక రేడియో మోగుతోంది. ఎవరో నవ్వుతున్నారు. ఆమె ప్రతిసారీ విన్నది. కానీ రాసుకోలేదు, ఎందుకంటే తెర మీద దానికి గడి లేదు.

శుక్రవారం ఎఫ్రేన్‌కి ఫోన్ చేసే రోజు కాదు. అయినా తొమ్మిదింబావుకి చేసింది.

"దోన్ ఎఫ్రేన్, ఇవాళ ఒకటే ముందు అడుగుతాను. మీ పక్కన ఎవరున్నారు?"

రేడియో వినపడుతోంది.

"అందరూ," అన్నాడు.

ఎఫ్రేన్ రోజు ఎలా గడుస్తుందో ఆమెకి తర్వాత పూర్తిగా తెలిసింది. అయిదుగురు ఒకే ట్రక్కులో పనికి వెళతారు, ఒకే కప్పు మీద పనిచేస్తారు, ఒకే ట్రక్కులో తిరిగొస్తారు. ట్రక్కు ఆయన భార్య అన్న నాచోది, పని కూడా నాచోదే. ఇంట్లో భార్య, ఇద్దరు కూతుళ్లు, అత్తగారు, రెండే గదులు. నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఆయన ఒక్కడే ఉండేది స్నానం చేస్తున్నప్పుడే. అలాంటి మనిషిని యజమాని పక్కన కూర్చుని టిఫిన్ తింటుండగా ఫోన్ చేసి, నువ్వు ఎందుకూ పనికిరానివాడివని అనిపిస్తోందా అని అడిగారు. అదీ ఆరుసార్లు.

"నేను చేసినప్పుడల్లా ఇలాగే ఉన్నారా?"

"అవును సెన్యో."

"అయితే ఇవాళ మాటలు వద్దు. అంకె ఒక్కటే చెప్పండి. సున్నా, ఒకటి, రెండు, మూడు. కప్పు మీద రోజంతా అంకెలు చెప్పుకుంటూనే ఉంటారు కదా, ఎవరూ పట్టించుకోరు. మొదటిది, దేనిమీదా ఆసక్తి లేకపోవడం."

"మూడు."

"దిగులు."

"మూడు."

"నిద్ర."

"మూడు."

"అలసట."

"మూడు."

వెనక నుంచి గట్టిగా ఒక గొంతు. "ఎవరికి బావా కొలతలు చెబుతున్నావు? అన్నీ మూడడుగులేనా? కుక్కకి ఇల్లు కడుతున్నావా ఏంటి?"

ఇంకెవరో, "వాళ్లావిడకే అయుంటుంది, ఇంట్లోంచి వెళ్లగొట్టి ఉంటుంది" అన్నాడు. నవ్వులు.

ఎఫ్రేన్ కూడా నవ్వాడు. యెసేనియా ఆ నవ్వు విని అయిదో ప్రశ్న అడిగింది. రెండు. ఆరోది, మూడు. ఏడోది, రెండు. ఎనిమిదోది, ఒకటి. తొమ్మిదో ప్రశ్న అడిగాక రేడియోలో ఒక ప్రకటన మొదలై, పూర్తయింది.

"ఒకటి."

మొత్తం ఇరవై ఒకటి. మంగళవారం సున్నా వేసిన అదే గడిలో.

ఇలాంటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు వరసగా ఉంటాయి. యెసేనియా గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "అవును, లేదు అంటే చాలు. ఎలా చచ్చిపోవాలో ఏమైనా అనుకున్నారా?"

"లేదు."

"ఇవాళ ఏదైనా చేసుకోవాలని ఉందా?"

"లేదు."

"ఇప్పుడు కూర్చున్నది కప్పు అంచునా?"

"అవును."

"నిచ్చెన దిగండి. నేను ఫోన్ పెట్టను. డాక్టర్ మిమ్మల్ని వెంటనే రమ్మందని బావగారితో చెప్పండి."

"రమ్మందా?"

"మీరు దిగేలోపల రమ్మంటుంది."

నాచో ఏదో అడగడం, ఎఫ్రేన్ ఏదో చెప్పడం వినపడింది. తర్వాత అల్యూమినియం మెట్ల మీద బూట్ల చప్పుడు, ఒక్కొక్కటే. ఆ చప్పుడు వింటూనే యెసేనియా ఒక చేత్తో కాగితం మీద పెద్ద అక్షరాలతో 'ఎఫ్రేన్, 21, ఇప్పుడే' అని రాసి, కుర్చీలోంచి లేచి, పక్క గదిలో వేరే రోగి బీపీ చూస్తున్న శ్రీవిద్య ముందు పట్టుకుంది. శ్రీవిద్య చదివి తలూపింది.

"దిగాను," అన్నాడు ఎఫ్రేన్. కింద ఆయన ఒక్కడే ఉన్నాడు. "సెన్యో, ఇన్నాళ్లూ మీతో అబద్ధం చెప్పాను."

"నేను అడిగిన చోటే తప్పు, దోన్ ఎఫ్రేన్. రండి."

ఉన్నది ఒకటే ట్రక్కు కాబట్టి నాచోనే తీసుకొచ్చాడు. పదీ అయిదుకి ఇద్దరూ క్లినిక్‌లోకి వచ్చారు, ప్యాంట్ల మీద తారు, మెడల చుట్టూ తడి తువ్వాళ్లు. నాచో యాభై దాటిన భారీ మనిషి. కుర్చీ పాడవుతుందని కూర్చోకుండా గోడ పక్కన నిలబడ్డాడు. లోపల శ్రీవిద్య ఎఫ్రేన్‌తో యాభై నిమిషాలు గడిపింది. బయట కూర్చున్న మిగతా రోగులు గొణుక్కున్నారు. ఆయన ఒప్పుకున్నాక ఆయన భార్యకి ఫోన్ చేసి మాట్లాడారు. చచ్చిపోవాలనిపిస్తే ఏ వేళకైనా పలికే 988 నంబరున్న కార్డు ఇచ్చారు. వారం పాటు రోజూ ఫోన్ చేస్తామన్నారు. ఉదయపు నడక మధ్యలో ఉన్న రాజారావు ఫ్రీమాంట్‌లో ఏదో పార్కు బెంచీ మీద కూర్చుని ఫోన్ ఎత్తాడు. మోతాదు రెండింతలు చేయమన్నాడు. శ్రీవిద్య ఆయనతో తెలుగులో మాట్లాడింది.

"ఈ డోస్ ఏప్రిల్‌లోనే పెంచాల్సింది సర్. మనం ఆ స్కోర్లు నమ్మి ఆపేశాం."

"అవునమ్మా."

"ఇవాళ నాలుగింటికి లెటర్ వెళ్లేది. కంగ్రాట్స్ అని."

"ఆవిడ ఎలా పట్టుకుంది?"

"అలసట క్వశ్చన్ వల్ల. జూన్‌లో పెంకులేసే మనిషికి అలసట జీరో ఎలా ఉంటుంది అంది."

"నలభై మూడేళ్ల ప్రాక్టీసు నాది," అన్నాడు రాజారావు. "ఆ గ్రాఫ్ కింద జూన్ అని రాసే ఉంది. నేను చదివాను కూడా. చదివి, జారుడుబండ అని జోకేశాను."

"మేమూ నవ్వాం కదా సర్."

"అది కాదు శ్రీవిద్యా. ఎనభై ఏడు మంది. ఒక మనిషి, ఒక జవాబు. అది ఇంటికెళ్లాక ఆవిడకి గుర్తు రావడం ఏంటి?"

కారిడార్‌లో నాచో యెసేనియాని ఆపాడు. "సెన్యో, మా బావకి ఏమైంది? షుగరా? గుండె జబ్బా?"

"ఆయన్నే అడగండి."

"అడిగితే చెప్పడు."

"ఇన్నాళ్లూ అడిగారా?"

నాచో టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఎఫ్రేన్ బయటికి రాగానే ఇద్దరూ పార్కింగ్‌కి వెళ్లి ట్రక్కెక్కారు. ట్రక్కు స్టార్టయింది గానీ కదల్లేదు. యెసేనియా బల్ల పక్కన కిటికీలోంచి అది కనపడుతుంది. హోటల్ ఆవిడకి ఫోన్ చేసే వేళయింది, చేసింది. తర్వాత ఇంకొకరికి చేసింది. ట్రక్కు అక్కడే ఉంది. ఏసీ నీళ్లు కారి దాని కింద తారు రోడ్డు మీద చిన్న మడుగు కట్టింది. ఒకసారి నాచో స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి తల వాల్చడం కనిపించింది. నలభై నిమిషాల తర్వాత ట్రక్కు వెళ్లిపోయింది. లోపల ఏం మాట్లాడుకున్నారో యెసేనియాకి తెలియదు. ఎఫ్రేన్ చెప్పలేదు, ఆమె అడగలేదు. పని మధ్యలో వదిలేసిన ఆ కప్పు మీద మిగిలిన ముగ్గురూ ఆ రోజు సాయంత్రం దాకా ఉండి పూర్తిచేశారని మాత్రం తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం నాలుగింటికి వెళ్లాల్సిన ఉత్తరాన్ని యెసేనియా ఆపింది. తర్వాత ఇంకో పని చేసింది. జాబితాలో ఎఫ్రేన్ లాగా ఫోన్ మీదే ఐదుకి తక్కువ స్కోర్ వచ్చినవాళ్లు, గడిచిన ఆరు నెలల్లో ఉత్తరం పంపి పేరు తీసేసినవాళ్లతో కలిపి, ముప్పై ఒక్క మంది ఉన్నారు. అందరికీ మళ్లీ ఫోన్ చేస్తానంది. ఎవరూ అడ్డు చెప్పలేదు. అన్ని ఫోన్లూ ఒకే ప్రశ్నతో మొదలయ్యాయి. మీ పక్కన ఎవరున్నారు? ఒకావిడ పక్కన పనిచేసే ఇంటి యజమానురాలు ఉంది. ఒకతని పక్కన పదిహేనేళ్ల కొడుకున్నాడు. వంటమనిషి పక్కన, సిగరెట్ తాగడానికే వచ్చిన మేనేజర్ ఉన్నాడు, ఏడు నెలలుగా రోజూ ఉన్నాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోకముందే పక్కవాళ్లు "ఎవరు?" అని అడగడం, చెప్పలేక "బ్యాంకు వాళ్లు" అనడం, ఆ తర్వాత బ్యాంకుతో మాట్లాడే గొంతుతోనే తొమ్మిది సున్నాలు చెప్పేయడం. ఎవరికీ మోసం చేయాలని లేదు. అంతమందిలో నిజం చెప్పడానికి చోటు దొరకలేదు, అంతే.

అందరినీ పట్టుకోవడానికి ఆమెకి మూడు వారాలు పట్టింది. ముప్పై ఒక్క మందిలో పందొమ్మిది మంది నిజంగానే కోలుకున్నారు. పన్నెండు మంది కోలుకోలేదు. వాళ్లలో అందరికంటే ఎక్కువ స్కోర్ ఇరవై మూడు. ఆ స్కోర్ వచ్చినావిడ పేరుని క్లినిక్ వాళ్లు అంతకు ముందు నెలలోనే జాబితాలోంచి తీసేశారు.

ఆ తర్వాతి బుధవారం మీటింగ్‌లో ఆ పన్నెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి తెర మీద కనిపించినప్పుడు రాజారావు లేచి నిలబడ్డాడు. ఫ్రీమాంట్‌లో, తన ఇంట్లో, కెమెరా ముందు. తల తెర పైకి వెళ్లిపోయి చొక్కా గుండీలు మాత్రమే కనిపించాయి. యెసేనియా, "డాక్టర్ రావ్, మీ తల లేదు" అంది. ఆయన కాసేపు అలాగే నిలబడే ఉన్నాడు.

తెర మీద ఇప్పుడు కొత్త గడి ఉంది. తొమ్మిది ప్రశ్నలకీ ముందు. పక్కన ఎవరు అని.

ఎఫ్రేన్ విషయంలో ఆ గడి నింపడం జులై మొదటి తేదీ నుంచీ తేలికైంది. ఆ మంగళవారం తొమ్మిదింబావుకి యెసేనియా ఫోన్ చేసేసరికి వెనక రేడియో లేదు. పక్కన ఎవరున్నారని అడిగితే ఎవరూ లేరన్నాడు. నాచో మిగతా ముగ్గురినీ కేకేసి, ట్రక్కు దగ్గర నీడలో తిందాం పదండని కిందికి తీసుకెళ్లాడు. ఒకడు బద్ధకించి ఎఫ్రేన్ పక్కనే కూర్చోబోతే, "నీకు వేరే చెప్పాలా, దిగరా" అన్నాడట. అప్పటి నుంచి మంగళవారాల్లో అదే అలవాటు. మాటలు చెప్పే వీలున్నా ఎఫ్రేన్ మాత్రం అంకెలే చెబుతాడు.

జులై ఒకటిన ఇరవై. పదిహేనున పదిహేడు. ఇరవై తొమ్మిదిన మళ్లీ పెరిగి పద్దెనిమిది. రాజారావు రెండో మందు జోడించాడు. ఆగస్టు పన్నెండున పన్నెండు, తొమ్మిదో ప్రశ్నకి మొదటిసారి సున్నా. ఆ సున్నాని యెసేనియా మూడుసార్లు అడిగి, మూడు రకాలుగా అడిగి, అప్పుడు గడిలో వేసింది.

ఆగస్టు ఇరవై ఆరున ఎనిమిది, పేరు ఇంకా జాబితాలోనే ఉంది. తర్వాతి ఫోన్ సెప్టెంబరు తొమ్మిది, మంగళవారం.